పోతది అంటే ఎప్పుడు?

‘అమ్మ కూలికి పోతది.’ మా వాడల రోజూ వినే మాట. ఇంగ్లీషులో రాయాలంటే దారి రెండుగా చీలుతది. రోజూ పోతదంటే ‘గోస్’, రేపు పోతదంటే ‘విల్ గో’. తెలుగులో రెండింటికీ క్రియ ఒకటే.

గుమ్మడిదల సర్కారు బడిలో నా పాఠం ఇక్కడ మొదలైతది. కంపెనీల షిఫ్టుకు పోయేటోళ్ల పిల్లలు నా క్లాసుల ఉంటరు. ‘మా నాయిన కంపెనీల పని చేస్తడు’ అన్నదాన్ని ‘విల్ వర్క్’ అని రాస్తరు. అది మొద్దుతనం కాదు, అమ్మభాష లెక్క. ఆ లెక్క విప్పి చెప్పకుండ సూత్రం బట్టీ కొట్టమంటే పిల్లగాడు తనే తక్కువోణ్ణనుకుంటడు. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. ‘మీకెందుకురా ఇంగ్లీషు’ అన్న సారు మాట ఇంకా చెవుల్నే ఉన్నది.

2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకం మారితే చాలదు, కాలం చేతికి రావాలె.

పెద్ద పిల్లలకు రాజ్యాంగం 17వ అధికరణం చూపెడత. 1950 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నది. అంటరానితనం రద్దు గురించి అక్కడున్న క్రియ ‘ఈజ్ అబాలిష్డ్’. ‘వాజ్’ కాదు, ‘విల్ బి’ కాదు. గడిచిపోయిన కథా కాదు, రేపటి హామీ కాదు. ఈ పూట నడుస్తున్న చట్టం.

తమ్ముల్లారా, చెల్లెల్లారా! ‘కులమా? అదెప్పుడో ఉండేది’ అని తప్పించుకునేటోళ్లు మనకు కొత్త కాదు. ‘ఉండేది కాదు, ఉన్నది’ అని ఏ భాషలనైనా నిలదీయాలంటే కాలాలు మనకు తెలవాలె.