మైక్రో అంటే చిన్నదే కదరా!

మా నాన్నకి షుగరు పదిహేనేళ్ళ నించీ ఉంది. ఏడాదికోసారి ఫుల్ బాడీ చెకప్ చేయించుకుని, ఆ కాగితాలు ఫైల్లో పెట్టి, ఆ ఫైలు బీరువాలో పెట్టేసి, ఇహ ఆరోగ్యం బావున్నట్టే అనుకునే రకం ఆయన. కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పొలం కాగితాల కోసం వెతుకుతుంటే ఆ ఫైలు చేతికొచ్చింది. మనకి లాగులు చదివే జబ్బు ఎలాగూ ఉంది కదా, కూర్చుని తిరగేశాను.

మూడేళ్ళ రిపోర్టులు. మూడిట్లోనూ యూరిన్ మైక్రోఅల్బుమిన్ అని ఒక లైను. 42, తర్వాత 76, తర్వాత 118. పక్కనే చిన్నక్షరాల్లో 30 లోపు ఉండాలని. ఇదేంటి నాన్నా అనడిగితే పేపర్లోంచి తలెత్తకుండా, "మైక్రో అని రాశాడుగా, చిన్నదే కదరా. పై పేజీలో చూడు, అల్బుమిన్ నిల్ అనే ఉంది" అన్నారు. చూస్తే నిజమే! మొదటి పేజీలో నిల్, నాలుగో పేజీలో 118. ఒకే మనిషి, ఒకే సీసా. క్రియాటినిన్ మామూలుగానే ఉందని ఊళ్ళో డాక్టరు గారు కూడా ఆ నాలుగో పేజీ దాకా వెళ్ళినట్టు లేరు.

ఆ రాత్రి కూర్చుని చదివితే తేలిందేంటంటే, మైక్రోఅల్బుమిన్ అనే ప్రోటీనే లేదు. ఉన్నది అల్బుమిన్ ఒక్కటే. లివరు తయారుచేస్తుంది, రక్తంలో నీరు రక్తనాళాల్లోనే నిలబడేట్టు చూస్తుంది, కాల్షియాన్నీ, కొన్ని మందుల్నీ మోసుకు తిరుగుతుంది. కిడ్నీలో వడపోత బాగున్నంత కాలం అది మూత్రంలోకి దాదాపుగా రాదు. షుగరు వల్ల ఆ జల్లెడ పాడవడం మొదలైతే కొద్దికొద్దిగా జారుతుంది. ఆ కొద్దిని మామూలు రంగు స్ట్రిప్ పట్టుకోలేదు, నిల్ అంటుంది. 1963లో లండన్‌లో హ్యారీ కీన్ వాళ్ళు ఇంత తక్కువ అల్బుమిన్‌ని కూడా కొలిచే పద్ధతి కనిపెట్టాక, స్ట్రిప్‌కి అందని ఈ స్థాయికి తర్వాత్తర్వాత మైక్రో అనే పేరు స్థిరపడింది. అంటే ఇక్కడ మైక్రో అన్నది కొలత గురించి. ప్రోటీను చిన్నదీ కాదు, సంగతీ చిన్నది కాదు.

వేరియబుల్‌కి పేరు తప్పు పెడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. డాక్టర్లకీ ఇది తెలిసింది లెండి. కిడ్నీ జబ్బుల మీద 2012 నాటి కేడిగో మార్గదర్శకాల్లో, లాబులు ఇక ఈ మాట వాడొద్దనే రాశారు. గ్రాము క్రియాటినిన్‌కి 30 నించి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటే 'ఓ మాదిరిగా పెరిగిన అల్బుమిన్' అనమన్నారు. మా నాన్న రిపోర్టు మాత్రం ఇంకా పాత వెర్షన్లోనే నడుస్తోంది.

మర్నాడు పక్కింటి మావయ్య గారొచ్చి ఇంకో పేచీ పెట్టారు. "అల్బుమిన్ అంటే తెల్లసొనే కదయ్యా, అది పోతోందంటే రోజూ నాలుగు గుడ్లు పెట్టండి" అని. సాయంత్రానికి మా అమ్మ డజను గుడ్లు తెప్పించేసింది. ఆయన తప్పూ లేదు, రెంటికీ లాటిన్‌లో తెలుపు అనే మాటే మూలం. పేరు కలిసిందే గానీ గుడ్డులోది వేరే ప్రోటీను. అది తిన్నా జీర్ణమై ముక్కలైపోతుంది తప్ప నేరుగా రక్తంలో అల్బుమిన్ అయి కూర్చోదు. పైగా కిడ్నీ దెబ్బతింటున్నవాళ్ళకి ప్రోటీన్ మరీ ఎక్కువ పెట్టడం మంచిది కాదట. ఇది మా అమ్మకి చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ గుడ్లు చివరికి నేనే తిన్నాను.

గుంటూరు తీసుకెళ్ళి కిడ్నీ డాక్టరుకి చూపించాం. జ్వరం వచ్చినా, బాగా శ్రమపడినా కూడా ఈ అంకె పెరుగుతుంది, ఒక్క పరీక్షతో తేల్చకూడదని మళ్ళీ రెండుసార్లు చేయించారు. తగ్గలేదు. బీపీ మాత్ర మార్చి టెల్మిసార్టాన్ రాశారు. అది బీపీతో పాటు ఈ కారడాన్ని కూడా తగ్గిస్తుందట. ఉప్పు తగ్గించమన్నారు, షుగరు గట్టిగా పట్టుకోమన్నారు. "ఇంకాస్త ముందే వస్తే బావుండేది, అయినా ఇప్పుడేం మించిపోలేదు" అన్నారు.

ఆ ముందే అన్న మాట దగ్గరే నాకు గొంతు పట్టేసింది. నాన్న అలా, డాక్టరు గారు ఇలా అని ఇందాకట్నించీ చెప్తున్నాను గానీ, ఆ పాకేజీకి ఏటా ఆన్‌లైన్లో డబ్బు కట్టింది నేనే. పీడీఎఫ్‌లు మూడేళ్ళూ నా మెయిలుకి కూడా వచ్చాయి. మొదటి పేజీ చూసి, అంతా నార్మల్ నాన్నా, అని ఫోన్ చేసింది కూడా నేనే.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. "ఏరా, 84కి దిగింది" అని. ఫైలు ఇప్పుడు బీరువాలో లేదట, టీవీ పక్కన పెట్టుకున్నారట. పీడీఎఫ్ నాకూ వచ్చింది. ఈసారి నాలుగో పేజీ ముందు చూశాను.