బిలిగుండ్లులో కావేరి లెక్క

హొగెనకల్‌లో పుట్టి ఎక్కేవాళ్లకు కావేరి అంటే మొహాన కొట్టే తుంపర్లు, ఒడ్డున చేపల వేపుళ్ల వాసన. కన్నడంలో హొగె అంటే పొగ, కల్లు అంటే రాయి. పేరు కన్నడం, ఊరు తమిళనాడుది, అవతలి గట్టు కర్ణాటక. నది పొంగితే పుట్టీలు ఆపేస్తారు, మరీ ఎండితే జనం రారు. ఆ రెండింటి మధ్య పారే నీళ్లే తనకు తిండి పెడతాయని పుట్టి నడిపే మనిషి తమిళం కలిసిన తెలుగులో చెప్పాడు.

జలపాతానికి ఎగువనున్న బిలిగుండ్లులో చూసేందుకు పెద్దగా ఏమీ లేదు. కానీ రెండు రాష్ట్రాల తగవు అంకెగా మారేది అక్కడే. కేంద్ర జల సంఘం అక్కడే ప్రవాహాన్ని కొలుస్తుంది. మద్రాసు, మైసూరుల మధ్య 1892, 1924లలో ఒప్పందాలు కుదిరాయి. 1990లో ఏర్పడిన ట్రైబ్యునల్ తమిళనాడుకు ఏటా 192 టీఎంసీలు ఇక్కడికి చేరాలని 2007లో తేల్చింది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 177.25కు తగ్గించింది. కోత పెట్టిన 14.75లో 4.75 టీఎంసీలు బెంగళూరు తాగునీటికి. ఆ జూన్‌లోనే పర్యవేక్షణకు అథారిటీ వచ్చింది.

చిక్కేమిటంటే, ఈ అంకె మామూలు ఏడాదికి. లోటు వస్తే దామాషాగా తగ్గించుకోవాలి. ఆ దామాషా వాన లోటును బట్టా, జలాశయాలకు చేరిన నీటిని బట్టా? ఇద్దరూ ఒప్పుకున్న సూత్రం లేకుండానే 2023 కరువు ముంచుకొచ్చింది. 15 రోజులు 5,000 క్యూసెక్కుల చొప్పున వదలాలన్నందుకు సెప్టెంబరులో బెంగళూరు, ఆ వెంటే కర్ణాటక బంద్. దిగువన జూన్ 12న మెట్టూరు గేట్లు ఎత్తారని కురువై వరి నాటిన డెల్టా రైతు ఎండుతున్న చేను చూస్తూ నిలబడ్డాడు.

నదీ పరీవాహకాన్ని ఒకే యూనిట్‌గా చూడాలని 1987, 2002, 2012 జాతీయ జల విధానాలు మూడూ చెప్పాయి. రాజ్యాంగంలో మాత్రం నీరు రాష్ట్రాల జాబితాలో ఉంది. కాబట్టి విధానం సలహాగానే మిగులుతుంది. మిగతాది ప్రభుత్వాల ఇష్టాయిష్టాలు.

2024 జులైలో కావేరి పొంగింది. మెట్టూరు నిండింది, హొగెనకల్‌లో పుట్టీలు ఆగాయి, తగవు సద్దుమణిగింది. లోటును ఎలా పంచుకోవాలో కూర్చుని తేల్చుకోవలసింది అలాంటి ఏడాదిలోనే. పొలాలు ఎండుతున్నప్పుడు ఏ ముఖ్యమంత్రీ ఒక మెట్టు దిగలేడు.