బజ్జీల బండి దగ్గరికి సర్కారు కోటి

ప్రభుత్వాలు పెట్టే ఖర్చుల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది ఫుడ్ స్ట్రీట్ల పథకం. 2023లో కేంద్రం ప్రకటించింది. 100 జిల్లాల్లో 100 వీధులు, ఒక్కోదానికి కోటి రూపాయలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అయితే 60 శాతం కేంద్రానిది, మిగతాది రాష్ట్రానిది.

ఆ డబ్బు దేనికో చూడండి: తాగునీళ్లు, చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్లు, మురుగు పోయే దారి, లైట్లు. సాయంత్రమంతా పొయ్యి ముందు నిలబడి పునుగులు వేసే ఆవిడ, వెళ్లడానికి చోటు లేక దాహమేసినా నీళ్లు తాగకుండా ఉంటుంది. అందుకే నాకు రంగుల బోర్డుకన్నా ఆ మరుగుదొడ్డే ముఖ్యం.

భయం ఒక్కటే. వీధి మెరిశాక పాత బండ్లను పక్కకు నెట్టి, బాగా డబ్బున్నవాళ్లకు స్టాళ్లు ఇచ్చేస్తారేమో! 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణంలోని వీధి వ్యాపారాల కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి. మీ ఊళ్లో ఫుడ్ స్ట్రీట్ వస్తోందా? ఆ కమిటీ ఉందో లేదో, స్టాళ్లు ఎవరికి రాశారో దయచేసి ఇప్పుడే అడగండి.