కూలి గడి

2024 జూన్ 12, బుధవారం

డియోర్‌కు బ్యాగులు తయారుచేయించే ఇటలీ కంపెనీని మిలాన్ కోర్టు ఏడాదిపాటు తన అధికారి అజమాయిషీ కిందకి తెచ్చిందట. ఒక హ్యాండ్‌బ్యాగు కుట్టి ఇచ్చినందుకు కాంట్రాక్టరుకు ముట్టింది 53 యూరోలు. షాపులో దాని ధర 2,600. మన లెక్కలో 4,800 రూపాయలెక్కడ, రెండు లక్షల ముప్పై నాలుగు వేలెక్కడ!

ఆ 53లో తోలు ఖరీదు కలవలేదు. రోజంతా తయారీ ఖర్చు లెక్కగట్టే కాస్టింగ్ షీట్లతో బతికేదాన్ని కాబట్టి నా కన్ను ముందు అక్కడే పడింది. తోలు, జిప్పు, డిజైను, షాపు అద్దె, ప్రకటనలు అన్నీ వేరే. బ్రాండు తన పేరుకు ఎంత పుచ్చుకుంటే నాకేం, ఇచ్చేవాళ్ళు ఇస్తున్నారు. నాకు కడుపు మండింది మిగతా వార్త చదివాక. పనివాళ్ళు ఆ వర్క్‌షాపులోనే పడుకునేవాళ్ళు. కరెంటు వాడకం తీసి చూస్తే రాత్రీ పగలూ, పండగ రోజుల్లో కూడా పని ఆగలేదని బయటపడింది. చెయ్యి నలగకుండా మిషన్లకు ఉండే రక్షణ భాగాల్ని పని వేగం కోసం ఊడదీశారు. బ్రాండు మీద క్రిమినల్ కేసేమీ లేదు. కాంట్రాక్టర్ల మీద కన్నేసి ఉంచలేదన్నదే కోర్టు తప్పుబట్టిన విషయం.

ఏప్రిల్‌లో అర్మానీది కూడా ఇదే కథ. 93 యూరోలకు కుట్టిన బ్యాగు మధ్యవర్తి చేతిలో 250 అయింది, షాపుకెళ్ళేసరికి 1,800.

జూన్ 14, శుక్రవారం

భోజనాల దగ్గర మా యూనిట్ మేస్త్రీకి ఈ వార్త చెప్పాను. ఆయనది సూళ్ళూరుపేట. పల్లావరం తోలు యూనిట్లలోనే జుట్టు నెరిసింది.

“యాభై మూడు యూరోలా? మనకంటే నయమే గదమ్మా.”

“ఇటలీలో బతకడానికి చాలదు మేస్త్రీ గారూ.”

“మనకు మాత్రం చాలతా ఉందా?”

క్యారియర్ మూత పెట్టేసి లేచి వచ్చేశాను.

ఆ 53 ఎలా పుడుతుందో నాకు తెలుసు. బయ్యరు ముందే టార్గెట్ ప్రైస్ చెప్తాడు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. తోలు చదరపు అడుగు ధర టానరీ వాడు తగ్గించడు. జిప్పు బయ్యరు చెప్పిన కంపెనీదే వెయ్యాలి. ఇక కోతకు దొరికేది నిమిషాలే. హ్యాండిల్ అంచు సంగతే తీసుకుంటే, రెండు పొరల తోలు అంటించి, కుట్టి, అంచు ఎమెరీ కాగితంతో నున్నగా రుద్ది, రంగు పూసి, ఆరనిచ్చి, మళ్ళీ రుద్ది మళ్ళీ పూయాలి. మంచి సరుక్కి మూడు నాలుగు పూతలు పడాలి. షీట్‌లో రెండుకు దించితే ధర సరిపోతుంది. బయ్యరు టేబుల్ మీద రెండూ ఒకేలా మెరుస్తాయి. కొన్నావిడకే, ఏడాది తిరిగేసరికి అంచు పగిలి పెచ్చులూడుతుంది.

జూన్ 16, ఆదివారం

హెర్మెస్ లెక్క వేరేగా ఉంటుందేమోనని కూర్చున్నాను. అక్కడ ఒక బ్యాగు మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి చేతిలో తయారవుతుంది. వాళ్ళ బర్కిన్ బ్యాగుకో కెల్లీ బ్యాగుకో పదిహేను నుంచి ఇరవై గంటలు. మైనం పట్టించిన నార దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఒకే రంధ్రంలో అవతలిది ఇవతలికి, ఇవతలిది అవతలికి. ఒక కుట్టు తెగినా పక్కది ఊడదు. మిషన్ కుట్టుకు ఆ గట్టితనం రాదు.

గంటకు 40 యూరోలు వేసుకుందాం, ఇరవై గంటలకు 800. బ్యాగు ధర తొమ్మిది వేలకు అటూ ఇటూ. చేతిపనికి ఇంతకంటే గౌరవం ఇచ్చే చోటు ఈ వ్యాపారంలో అరుదు. అక్కడ కూడా కూలి పదో వంతు దాటడం లేదు. ధర పెంచేది చేతిపని కాదు, అడిగిన వెంటనే దొరకకపోవడం.

మరి డియోర్ బ్యాగు మీద 53కు ఇంకో 53 కలిపితే? 2,653. దగ్గరదాకా వచ్చి ఆ 53 కోసం కొనకుండా వెనక్కి తిరిగే మనిషి ఉంటుందా?

2025 జులై 11, శుక్రవారం

నటి జేన్ బర్కిన్ వాడిన, హెర్మెస్ వాళ్ళ మొట్టమొదటి బర్కిన్ బ్యాగు నిన్న పారిస్ వేలంలో 86 లక్షల యూరోలు పలికింది. ఇంచుమించు 86 కోట్ల రూపాయలు! నలభై ఏళ్ళ నాటిది, గీతలూ మరకలూ దానితోనే. మేస్త్రీ నవ్వి, “కుట్టినాయనకు కబురు చేసినారా?” అన్నాడు.

హెర్మెస్‌కు పోయినేడు ప్రతి 100 యూరోల అమ్మకం మీద 40 నిర్వహణ లాభం. ఉద్యోగులందరికీ తలా 4,500 యూరోల బోనస్ కూడా ఇచ్చారు. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చన్నమాట.

ఆగస్టు 2, శనివారం

ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ అర్మానీకి 35 లక్షల యూరోల జరిమానా వేసింది. పనివాళ్ళను బాగా చూసుకుంటున్నామని కొనేవాళ్ళకు చెప్పుకున్నది ఒకటి, కాంట్రాక్టర్ల దగ్గర జరిగింది ఒకటి అని. ఇదే విచారణలో డియోర్ మే నెలలోనే, దోపిడీకి గురైన పనివాళ్ళ కోసం ఐదేళ్ళలో 20 లక్షల యూరోలు ఖర్చు పెడతామని ఒప్పుకుని బయటపడింది.

అలవాటు చొప్పున భాగించాను. 2,600 చొప్పున డియోర్‌ది 770 బ్యాగుల అమ్మకం, అదీ ఐదేళ్ళకు కలిపి. 1,800 చొప్పున అర్మానీది రెండు వేల బ్యాగులు కూడా కాదు. ఆ జరిమానా మీదే అర్మానీ వాళ్ళు అప్పీలుకు వెళ్తామంటున్నారు.