సొంతూళ్ళో ఫేస్‌లిఫ్ట్

హైటెక్ సిటీ మెట్రో దిగి మాదాపూర్ వైపు నడిస్తే సైబరాబాద్ రెండో వ్యాపారం కనబడుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాడు ఈ రాళ్ళగుట్టల మధ్యకి సాఫ్ట్‌వేర్ ఒక్కటే వస్తుందనుకున్నారు. ఇప్పుడు ఇక్కడ మెడికవర్, యశోద, కేర్. అవతల గచ్చిబౌలిలో ఏఐజీ. ఈ పెద్దాసుపత్రుల మధ్య సందుల్లో కింద టిఫిన్ సెంటరు, పైన హాస్టలు, మధ్య అంతస్తులో జుట్టూ చర్మమూ పళ్ళూ ముఖమూ చూసే క్లినిక్కులు. ఆ బోర్డులు చదువుకుంటూ నడిచాను. వాటి మీది ముఖాలన్నీ పాతికేళ్ళవే, అసలు బిగించాల్సిన అవసరమే లేనివి. ఇక్కడికి గల్ఫ్ నుంచీ ఆఫ్రికా నుంచీ కూడా రోగులు వస్తారు. నేను చూడదలచుకున్నది మాత్రం డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే మనవాళ్ళ సంగతి. పరాయి దేశస్థుడు మెడికల్ వీసా తీసుకుని, రిపోర్టులు ముందే పంపి, నాలుగు ప్రశ్నలు అడిగి వస్తాడు. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళకి వీసాతో పనిలేదు. పెళ్ళికీ తిరుపతికీ మధ్య ఖాళీలో ఫేస్‌లిఫ్ట్ పెట్టుకుంటారు. మనిషికి ఇది సొంతూరే కావచ్చు, ఆపరేషన్‌కి మాత్రం పరదేశమే. ఆ సంగతి మరిచిపోవడంలోనే ముప్పంతా ఉందని నా వాదన.

ఫేస్‌లిఫ్ట్ అంటే చర్మం లాగి కుట్టడమేనని చాలామంది అనుకుంటారు. వట్టి చర్మాన్ని లాగితే అది త్వరగానే జారుతుంది, మచ్చ వెడల్పవుతుంది. 1976లో మిట్స్, పెయ్‌రోనీ అనే ఫ్రాన్స్ వైద్యులు చర్మం కింద పరుచుకున్న ఒక పలుచటి పొరను వివరించారు. సర్జన్లు దాన్ని స్మాస్ అంటారు. దాన్ని ఎత్తి బిగించడమే ఇప్పటి ఆపరేషన్‌లో అసలు పని. ముఖాన్ని కదిలించే నరం కొమ్మలు ఆ పొర కిందే ఉంటాయి. కోత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు మడతలోంచి దిగి, తమ్మెను చుట్టి, చెవి వెనక నుంచి మెడ మీది వెంట్రుకల్లోకి పోతుంది. తలకీ గడ్డానికీ కలిపి కట్టు కడతారు. కొందరికి చెవి వెనక నుంచి ఒక సన్నటి గొట్టం, దాని చివర రక్తం చేరే చిన్న బుడ్డి. మొదటి రాత్రి నర్సు కళ్ళన్నీ ఆ బుడ్డి మీదా బీపీ మీదా ఉండాలి. ఒక చెంప రెండోదానికన్నా గట్టిగా ఉబ్బి, నొప్పి ఆ ఒక్క వైపే పెరుగుతోందంటే లోపల రక్తం గడ్డకడుతోందన్నమాట. ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా వచ్చే చిక్కు అదే, చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. బీపీ ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ; గడ్డం మొలిచే చర్మానికి రక్తప్రసారం జాస్తి గనక మగవాళ్ళకీ అంతే. సకాలంలో గడ్డ తీసేస్తే సర్దుకుంటుంది, ఆలస్యమైతే పైన చర్మం చచ్చిపోవచ్చు. అందుకే పొద్దున చేసి సాయంత్రం హోటల్‌కి పంపేస్తామనే ప్యాకేజీ నాకు నచ్చదు. ఆ రాత్రి పిలిస్తే సర్జన్ ఎంతసేపట్లో వస్తారో రేటు కన్నా ముందు అడగాలి.

ఇక సెలవు లెక్క. కుట్లు తీయడానికి వారం, పది రోజులు. వాపూ కమిలిన రంగూ తగ్గడానికి రెండు మూడు వారాలు. చెవి చుట్టూ మొద్దుబారిన చోట స్పర్శ రావడానికి నెలలు. మచ్చ పండడానికి ఏడాది. మన చామనచాయ చర్మంలో అది నల్లబడే అవకాశం తెల్లవాళ్ళకన్నా ఎక్కువ. ముఖం మీద ఇలాంటి పని చేయించుకున్నాక విమానం ఎక్కడానికి 7 నుంచి 10 రోజులు ఆగమని బ్రిటన్ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. అదీ అన్నీ సవ్యంగా జరిగితేనే. సిగరెట్ నెల ముందే మానాలి, ఆస్పిరిన్ లాంటివి డాక్టరు చెప్పిన గడువుకి ఆపాలి. అంటే అమెరికాలో ఉండగానే పని మొదలైనట్టు. మూడు వారాల సెలవులో పెళ్ళి కూడా ఉంటే, పెళ్ళి ముందూ ఆపరేషన్ తరవాతా అయితే ఎలాగో సరిపోతుంది. తలకిందులైతే పెళ్ళి ఫొటోల్లో వాచిన ముఖమే మిగులుతుంది.

ఖర్చు మాటేమిటంటారా? నిజమే. అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 2022 లెక్కల ప్రకారం అక్కడ సర్జన్ ఫీజే సగటున 11 వేల డాలర్లు దాటుతుంది, మత్తూ థియేటరూ వేరు. ఇక్కడ తేడా పెద్దదే, దాన్ని కాదనను. అయితే మన పన్ను చట్టం అందం కోసం చేసేదాన్ని వైద్యంగా లెక్కకట్టదు. 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఆరోగ్య బీమా కూడా రాదు. మిగిలిన డబ్బులోంచే అదనంగా రెండు వారాల బసకీ, టికెట్ మార్చుకోవడానికీ, అవసరమైతే మళ్ళీ రావడానికీ పక్కన పెట్టుకోవాలి. అలా పెట్టాకా లాభమే అనిపిస్తే చేయించుకోవచ్చు.

ఇంకో మాట అంటారు: ఇక్కడ మనవాళ్ళున్నారు కదా, చూసుకుంటారని. మోకాలి ఆపరేషన్‌కైతే అది గట్టి మాటే. ఫేస్‌లిఫ్ట్ సంగతి అత్తగారికి తెలియకూడదు, వదినకి అసలే తెలియకూడదు. ఎత్తు పెరగడానికి కాళ్ళ ఆపరేషన్ చేయించుకున్న ఒక కుర్రాడి సంగతి 2016లో ఈ నగరంలోనే పెద్ద వార్తయింది. ఇంట్లో చెప్పకుండా ఆసుపత్రిలో చేరడమే ఆ గొడవలో సగం. బంధువులు ఊరినిండా ఉండి ఒక్కరికీ తెలియకపోతే మొదటి రాత్రి చెంప ఉబ్బడం గమనించేదెవరు? కనీసం ఒక్కరికైనా చెప్పాలి, ఆ ఒక్కరు రాత్రి పక్కన పడుకోగలిగినవాళ్ళై ఉండాలి.

మత్తు గురించి ఈ నగరానికి పాత అనుభవమే ఉంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండా అని తేల్చడానికి 1888, 1889లలో నిజాం అండతో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఇక్కడ రెండు కమిషన్లు నడిపాడు. ఊపిరేనని ఆయన తేల్చిన మాట తరవాత నిలవలేదు గానీ, మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద నుంచి చూపు తిప్పొద్దన్న ఆయన పట్టు ఇప్పటికీ మంచిదే. కాబట్టి మధ్య అంతస్తు క్లినిక్కులో అనస్థీషియా డాక్టరు ఎవరు, ఆపరేషన్ అయ్యేదాకా గదిలోనే ఉంటారా అని అడగడం పెడసరం కాదు. కత్తి పట్టేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా అని చూడాలి. దారంతో లాగే థ్రెడ్ లిఫ్ట్‌ని కూడా లిఫ్టనే అమ్ముతారు. అది వేరే పని, దాని ఫలితం త్వరగా కరిగిపోతుంది.

తరవాత వీడియో కాల్‌లో చూస్తారు కదా అనేది చివరి అభ్యంతరం. కుట్టు రంగు వరకూ ఫోనులో కనబడుతుంది. చర్మం కింద నీరు చేరిందో గడ్డ చేరిందో వేలితో నొక్కితేగానీ తెలియదు. అమెరికాలోని సర్జన్లలో వేరేవాళ్ళు చేసిన పని ముట్టుకోవడానికి వెనకాడేవాళ్ళుంటారు, అందులో వాళ్ళ తప్పూ లేదు. గొడవ ముదిరితే వినియోగదారుల కమిషన్ ఉంది. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది, ఫిర్యాదుకి గడువు రెండేళ్ళు. కానీ మచ్చ పండడానికే ఏడాది పోతుంది. అందుకని బయల్దేరే ముందు డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకోకుండా ఆపరేషన్ నోట్ అడిగి తీసుకోవాలి: ఏ పొర ఎత్తారు, ఏ కుట్టు వాడారు, ఎవరు మత్తిచ్చారు. అక్కడి డాక్టరుతో ముందే మాట్లాడుకుని, ఆ కాగితం చూపిస్తే చూస్తానని ఆయనచేత అనిపించుకున్నాకే ఇక్కడ అడ్వాన్సు కట్టాలి.