తొండంగి తీరాన పెన్సిలిన్

కిందటి సంక్రాంతికి కాకినాడ వెళ్ళాను. రంగరాయ మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో ఉప్పాడ బీచి రోడ్డు మీద తిరగని సాయంత్రం లేదు. ఈసారి మా బావగారు కారులో అటే తీసుకువెళ్ళారు. సముద్రం ఆ రోడ్డును ఇంకా కోస్తూనే ఉంది. ఉప్పాడ, కోనపాపపేట దాటి ఉత్తరానికి వెళితే తొండంగి మండలం. సరుగుడు తోటలు, రొయ్యపిల్లల హేచరీలు. దూరాన పెద్ద పెద్ద ట్యాంకులు, గొట్టాలు.

“అవేమిటి బావగారూ?”

“పెన్సిలిన్ ఫ్యాక్టరీ. డాక్టరువి, నన్నడుగుతావేం?”

నాకు ఇక్కడి మా క్లినిక్కు గుర్తొచ్చింది. 2022 చలికాలంలో చెవిపోటుతో వచ్చిన పిల్లలకి అమోక్సిసిలిన్ సిరప్ రాస్తే, తల్లులు నాలుగు ఫార్మసీలు తిరిగి దొరకలేదని ఫోను చేసేవారు. పిల్లలకి ఒక్కసారిగా జబ్బులు పెరగడమే అప్పటి కొరతకి ముఖ్య కారణం. కాని ఆ మందు అసలు ఎక్కణ్ణించి వస్తుందో నేను ఆలోచించింది అప్పుడే.

దానికి మూలం పెన్సిలిన్-జి. బూజును పెద్ద ట్యాంకుల్లో చక్కెర పోసి పెంచి తీస్తారు. మన దోసెల పిండి పులిసినట్టే. కాకపోతే కరెంటూ, ఆవిరీ, నీళ్ళూ బోలెడు కావాలి. 1955లోనే పూనా దగ్గర పింప్రీలో మన ప్రభుత్వ కర్మాగారం పెన్సిలిన్ తయారు చేసింది. తరువాత చైనా సరుకు చవగ్గా రావడంతో దేశంలో దాని తయారీ ఆగిపోయింది. మాత్రలు మనవి, ముడిమందు వాళ్ళది.

2020లో కోవిడ్‌తో చైనా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఆ మార్చిలో ఇండియా కూడా పారాసిటమాల్‌తో సహా 26 మందుల, ముడిమందుల ఎగుమతికి అడ్డుకట్ట వేసింది. ఎవరి తలుపు వారు వేసుకున్నారన్న మాట. ముడిమందులు స్వదేశంలోనే చేసేవారికి ప్రోత్సాహకాలిస్తామని కేంద్రం ఆ ఏడే ప్రకటించింది. అలా 2024లో ప్రారంభమైనదే ఈ ఫ్యాక్టరీ. సామర్థ్యం ఏడాదికి 15,000 టన్నులు.

నేను ఉత్సాహంగా ఇదంతా చెబుతుంటే బావగారు నవ్వారు. ఆయనకి ఒక హేచరీలో వాటా ఉంది.

“మంచిదే. కాని మా రొయ్యపిల్ల బతకాలంటే శుభ్రమైన సముద్రపు నీళ్ళు కావాలి. ఇన్ని ఫ్యాక్టరీలు వస్తుంటే భయమే కదా! మందు చైనా నుంచి వచ్చినన్నాళ్ళూ ఆ భయం కూడా అక్కడే ఉండేది. ఇటు చూస్తే, మా రొయ్యలు తినేది మీ అమెరికా వాళ్ళు. 2025 ఆగస్టులో సుంకం 50 శాతం చేసేసరికి కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు.”

నా దగ్గర జవాబు లేదు. చవక అంటే ఖర్చు లేకపోవడం కాదు, ఆ ఖర్చు మన కంటికి కనబడని చోట ఉండడం. ఇప్పుడది మా బావగారి గుమ్మంలోకి వచ్చింది.

తిరిగి వచ్చిన వారంలోనే ఒక చంటివాడికి అమోక్సిసిలిన్ రాశాను. మొదటి ఫార్మసీలోనే దొరికింది. సీసా మీద కంపెనీ పేరుంది. ఆ బూజు ఏ తీరాన పెరిగిందో మాత్రం రాసి లేదు.

మన సభ్యుల ఇళ్ళలో డాక్టర్లకీ ఫార్మసిస్టులకీ కొదవ లేదు. ఈసారి కాకినాడ వెళితే కాజాలు కొనుక్కుని వచ్చేయకండి. ఉప్పాడ దాటి ఇంకాస్త ముందుకు వెళ్ళి చూడండి.