కోసిన పచ్చిక

ఇంటిముందు నాలుగు బారల పచ్చిక పెంచుట నేఁడు పట్టణములలో పరిపాటి యైనది. కోసిన గడ్డి మాట యెవరును తలపరు. కొందఱు చెత్తబండిలో వేయుదురు. కొందఱు గోడప్రక్కను ప్రోగువేసి మఱచెదరు. ఎండినపిమ్మట నిప్పు పెట్టువారును లేకపోలేదు. ఆ పొగ ముందుగా వచ్చునది మన వంటయింటిలోనికే గదా!

గత వర్షర్తువున మా పొరుగున నొక యాపద తప్పినది. తోటపనివాఁడు రెండుదినములు గోతాములో మూటగట్టియుంచిన తడిగడ్డిని గేదెదూడకు వేసినాఁడు. దూడ కడుపుబ్బి కూలఁబడినది. పశువైద్యులు సమయమునకు వచ్చి కాపాడిరి. "గడ్డి తిని దూడ చచ్చునా తల్లీ, ఎక్కడనైన విన్నామా?" అని ఆ యింటి ముసలమ్మ మమ్మడిగినది. అడుగఁదగిన మాటయే. బీటిలో మేయు గడ్డి వేఱు, యంత్రము తునిమిన గడ్డి వేఱు. సన్నగాఁ దెగిన తడిగడ్డి ప్రోగుపడినచో లోనికి గాలి చొరదు. కొన్ని గంటలలోనే వేఁడెక్కి పులియును. చేయి పెట్టి చూచినఁ దెలియును. పశువు దానిని సరిగా నమలక మ్రింగును. కడుపులో నది మఱింత పులిసి వాయువు పుట్టించును. కలుపుమందు చల్లిన పచ్చిక యైనచోఁ జెప్పనేల! కొడవలితోఁ గోసి అప్పుడే వేసిన గరిక కీ దోషము లేదు.

మఱి యేమి చేయవలెను? నేలలోఁ బుట్టినది నేలకే యీయవలెనని మా యత్తగారి మతము. బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పు మావారు దానినే వేఱొక విధముగాఁ జెప్పుదురు: పచ్చికలో నూటికి 80 పాళ్లవఱకు నీరే; మిగిలినదానిలో నత్రజని సమృద్ధి. కావున ఎత్తులో మూడవవంతునకు మించకుండఁ గోయించి, తునుకల నక్కడనే వదలుదుము. కొలఁదిదినములలో నవి కుళ్లి వేళ్లకు ఎరువగును. గుత్తులుగాఁ బడినచో మాత్రము చీపురుతోఁ జెదరఁగొట్టవలెను. లేకున్న క్రింది గడ్డి పసుపువాఱును. ముంగిలి శుభ్రముగా లేదని తోటపనివాఁడు సణుగుచునే యుండును. సణుగనిండు.

మిగిలినది మల్లెపాదులకు. ఒకపూట ఎండనిచ్చి, మొదలునకుఁ దగులకుండ రెండంగుళముల మందమునఁ బఱతుము. వేసవిలో బావి అడుగంటినపుడు దీని విలువ తెలిసినది. ప్రతిదినము పోయు నీరు దినము విడిచి దినము పోసినను మొగ్గ రాలలేదు. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో, తోటకై యేర్పఱచిన నేలలో ముందు నువ్వులు చల్లి, పూచినపిమ్మట వానిని అక్కడనే నలిపివేయవలెనని విధించినాఁడు. పచ్చియాకు నేలకు బలమని మనవారి కేనాఁడో తెలియును.

ఎరువుగోతిలో వేయఁదలఁచువారు తడిగడ్డి యొక గంప కెండుటాకులు రెండుగంపలు కలిపి, వారమున కొకమాఱు తిరుగవేయవలెను. గడ్డి యొక్కటియే యైనచో జిగటయై దుర్గంధము పుట్టును. కలుపుమందు తగిలిన గడ్డిని కూరపాదులకును గోతికిని చేరనీయరాదు. గింజపట్టిన గరికను పాదులలో వేసినచో మఱునెల నాగలి తేవలసివచ్చును. వినాయకచవితి గరికను మాత్రము యంత్రము రాకమున్నే చేతితో గిల్లి దాఁచుకొనుఁడు.